టైగ్రెక్స్‌కి ఇంకెంత ప్రాణముందో ఎవరూ చెప్పరు

మాన్‌స్టర్ హంటర్ ఫ్రీడమ్ యునైట్ మన చేతికొచ్చింది 2009లో, సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ పీఎస్పీ మీద. దాని మీద ఇప్పుడు రాయడమేంటని నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆటలో మన లెక్కలన్నీ రాసి ఉండే గిల్డ్ కార్డు నాది ఆరు వందల గంటలు దాటిందని చూపిస్తోంది. మృగాన్ని వేటాడి, దాని పొలుసులతో ఇంకా మంచి కత్తి చేయించుకుని, ఇంకా పెద్దదాని మీదికి పోవడం తెలిసిన సంగతే, వదిలేస్తున్నా. నన్ను పట్టేసుకున్నది ఒక్కటే. ఈ ఆటలో మృగానికి ఎంత ప్రాణం మిగిలిందో చూపించే హెల్త్ బార్ ఉండదు.

2011లో రోజూ కంపెనీ బస్సులో ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి వెళ్లేవాణ్ణి. తక్కువలో తక్కువ గంటన్నర. ఒక రోజు పొద్దున టైగ్రెక్స్ అనే మృగం మీద పడ్డాను. ఆట మొదట్లోనే మంచుకొండ మీద మనకెదురుపడి లోయలో పడేలా చేసేది అదే, కాబట్టి పాత పగ. వేటకి యాభై నిమిషాలు గడువు, మూడుసార్లు పడిపోతే ఉత్త చేతులతో వెనక్కి. నలభై నిమిషాలయ్యాయి, రెండుసార్లు పడ్డాను. దాని తోక తెగింది, మొహం మీద గాట్లు పడ్డాయి, అయినా దూకుడు తగ్గలేదు. ఇంతలో బస్సు ఆఫీసు గేటు దాటింది. పవర్ స్విచ్ జరిపి పీఎస్పీని నిద్రపుచ్చి బ్యాగులో పెట్టేశాను.

ఇక ఆ రోజు పని ఏం చేశానో నాకే తెలీదు. దానికి సగం ప్రాణముందా, చెంచాడే మిగిలిందా? మీటింగులో కూర్చుని లెక్కలేశాను. కత్తి పదును ఎంతుందో రంగుతో చూపిస్తుంది, అది పచ్చలో ఉండగా ఎన్ని దెబ్బలు తగిలాయి, మొద్దుబారి పసుపుకి దిగాక ఎన్ని, సానరాయి తీయడానికి బద్ధకించి ఎన్ని పోగొట్టుకున్నాను అని. క్యాంటీన్లో పక్క సీటు కుర్రాడికి చెప్పుకున్నాను. నాలుగింటికి వాడే వచ్చి "ఏంటన్నా, ఇంకా చావలేదా?" అన్నాడు.

సాయంత్రం బస్సెక్కి స్విచ్ జరిపితే అదే మంచు, అదే గర్జన. రెండో దెబ్బకే కుంటడం మొదలుపెట్టింది, అంటే ప్రాణం అయిపోవచ్చిందన్నమాట.

అంతే. పొద్దున ఇంకో నిమిషం దొరికితే తెలిసిపోయేది! కుంటుకుంటూ వెళ్లి గుహలో పడుకుంది. నిద్రపోతున్నదాని మీద పడే మొదటి దెబ్బ మూడింతలు పనిచేస్తుంది. రెండు పెద్ద పీపా బాంబులు తలకాయ పక్కన పెట్టి, దూరం జరిగి అవి పేలేలా రాయి విసిరాను. బస్సులో గట్టిగానే అరిచినట్టున్నాను, ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూశారు.

ఆ కుంటడం కోసమే ఈ ఆటని కనబడ్డవాళ్లందరికీ అంటగట్టాను. కళ్లతో చూసి తెలుసుకోవాలి, ఇంత నిజాయితీ ఇంకే ఆటలోనూ లేదు అనేవాణ్ణి. ప్లేసియోత్ అనే చేపలాంటి మృగం దగ్గరికొచ్చేసరికి ఆ మాట కొంచెం మింగాల్సి వచ్చింది. అది నడుం ఊపితే రెండు బారల దూరంలో ఉన్నా ఎగిరిపడతాం. చూసి నేర్చుకోమన్న ఆటే చూసినదాన్ని అబద్ధం చేస్తే ఇంకేం నేర్చుకుంటాం?

చూడటమన్నా సులువు కాదు. పీఎస్పీకి కెమెరా తిప్పడానికి రెండో స్టిక్ లేదు. నడిపించే బొటనవేలు అక్కడే ఉంచి, చూపుడువేలు పీత కాలులా వంచి బాణం బటన్లు నొక్కాలి. అప్పట్లో అదో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అరగంటకే వేలు పట్టేస్తుంది. ప్రాణం పెంచే మందు తాగాక ఆటలో మనవాడు కండలు చూపిస్తూ నిలబడతాడు చూడండి, ఎదురుగా టైగ్రెక్స్ పరిగెత్తుకొస్తున్నా సరే, దానికి మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాత నింటెండో స్విచ్‌లో ఇదే వరసలోని మాన్‌స్టర్ హంటర్ రైజ్ ఆడాను. అందులోనూ బార్ లేదుగానీ, మృగం ప్రాణం తగ్గి ఉచ్చులో పట్టుబడే స్థితికొస్తే నీలం గుర్తొకటి కనిపిస్తుంది. మొదట్లో వెక్కిరించాను. ఇంట్లో రెండేళ్ల పాప, రాత్రి దొరికేది ఇరవై నిమిషాలు. ఇప్పుడు ఆ గుర్తు కోసమే చూస్తుంటాను.

మరి పాతది ఇప్పుడు కొనొచ్చా? రోజూ సీటు దొరికే ప్రయాణం, నొప్పెట్టని వేళ్లు ఉంటే చూడండి. కలిసి ఆడాలంటే పీఎస్పీ ఉన్న స్నేహితుడు పక్కనే కూర్చోవాలి, నాకు హైదరాబాద్ మొత్తం మీద ఒక్కడే దొరికాడు. నా పీఎస్పీ బ్యాటరీ ఎప్పుడో పోయింది, చార్జర్ తగిలించి ఉంచితేనే నడుస్తుంది. ఇంట్లో గోడ పక్కన కూర్చుని ఆడుతుంటే మధ్యలో ఆపే పనుండదు. టైగ్రెక్స్ ఎంతలో ఉందో అరగంటలో తేలిపోతుంది.