విశాఖ సముద్రం, గోదావరి బోటు: కారు లేకుండా వెళ్తే ఏది మేలు?

విశాఖలో సముద్రం ఊరి గడపలోనే ఉంటుంది. బోటెక్కి రెండు మూడు గంటలు తిరగదగ్గ నది మాత్రం చుట్టుపక్కల లేదు. తూర్పు కనుమలు ఇక్కడ తీరానికి బాగా దగ్గరగా వచ్చేస్తాయి కాబట్టి గోస్తని, శారద, చంపావతి అన్నీ పొట్టి నదులే. వానలు వెళ్లాక నీరు సన్నబడి, మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి బాగుంటుంది గానీ లాంచీ నడిచే లోతు ఉండదు. తాటిపూడి బోటింగ్ సంగతి చాలామంది చెబుతారు, అది గోస్తని మీద కట్టిన జలాశయం. కాబట్టి సముద్రంతో పాటు నది కూడా కావాలంటే గోదావరి దాకా పోవలసిందే. రాజమండ్రి రైలు దారిలో దాదాపు 200 కిలోమీటర్లు.

గోదావరి మీద తేల్చుకోవలసినవి మూడు: కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులు, రాజమండ్రి మీదుగా పాపికొండలు, కోనసీమలో దిండి. కారు లేనివాళ్లు బోటు అందం ఒక్కటే చూసి ఎంచుకుంటే ఇబ్బంది పడతారు. రేవు దాకా ఏ బస్సు వెళ్తుంది, సాయంత్రం దిగాక ఏ రైలు అందుతుంది అనేవి ముందు చూసుకోవాలి.

సముద్రం దగ్గర మకాం: ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి

ముందు రైలు సంగతి. విశాఖ స్టేషన్‌లో రైలు ఇంజన్ తిప్పుకుని వెనక్కి రావాలి కాబట్టి హౌరా వైపు దూరపు రైళ్లు కొన్ని అసలు విశాఖకు రావు, దువ్వాడ మీదుగా పక్కనుంచి పోతాయి. టికెట్టు తీసుకునేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి. దువ్వాడలో దిగితే కూర్మన్నపాలెం దాకా ఆటోలో వచ్చి అక్కడ సిటీ బస్సు పట్టుకోవాలి. సామానుతో, పిల్లలతో అది గంటన్నర పని.

మకాంకి మా ఓటు ఆర్కే బీచ్‌కీ ఆర్టీసీ కాంప్లెక్స్‌కీ మధ్య ప్రాంతానికే. కాంప్లెక్స్ నుంచి ఊళ్లో అన్ని మూలలకీ బస్సులున్నాయి, స్టేషన్ ఐదారు కిలోమీటర్ల లోపే. కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం, కాళీమాత గుడి అన్నీ నడిచి చూడొచ్చు. కురుసురకు సోమవారం సెలవు. తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, ఆ వేళలో అక్కడ నడవడం విశాఖలో దొరికే మంచి సుఖాల్లో ఒకటి. అయితే ఆర్కే బీచ్ నీళ్లలో దిగకండి. ఒడ్డు దాటిన వెంటనే లోతు పెరుగుతుంది, కెరటం వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మోకాలి లోతులో నిలబడ్డవాళ్లు కూడా కొట్టుకుపోయారు.

స్నానానికి రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన భాగంలో లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, జల్లు స్నానాలు ఉంటాయి. రైల్వే స్టేషన్ నుంచి కాంప్లెక్స్ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు రుషికొండలో ఆగుతుంది. ఆర్కే బీచ్, తొట్లకొండ మధ్య పర్యాటకుల కోసం డబుల్ డెక్కర్ బస్సులు కూడా వేశారు. రోజూ నీళ్లలో ఆడాలనే చిన్న పిల్లలుంటే రుషికొండలోనే గది తీసుకోవచ్చు. రాత్రి భోజనానికి గదులున్న చోటే తినాలి, అంతే లోటు.

భీమిలి ప్రశాంతంగా ఉంటుంది. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, జాలరుల పడవలు చూస్తూ ఒక పూట హాయిగా గడుస్తుంది. కారు లేకుండా మకాం మాత్రం అక్కడ వద్దు. చీకటి పడ్డాక బస్సులు పలచబడతాయి, ఊళ్లోంచి యాప్‌లో ఆటో పిలిస్తే డ్రైవర్లు అంత దూరం రావడానికి ఇష్టపడరు. పొద్దున 900కె ఎక్కి వెళ్లి, ఎండ దిగేలోపు తిరిగొచ్చేయండి.

ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. రాష్ట్ర చిరునామా ఉన్న ఆధార్ దగ్గరుంచుకోవాలి. కుటుంబమంతా బస్సుల్లో తిరిగితే ఇది చిన్న లాభం కాదు.

కోరంగి: చవక, కానీ పోటు చూసుకోవాలి

విశాఖ నుంచి సామర్లకోట దాకా రైలు, అక్కడ నుంచి కాకినాడ 15 కిలోమీటర్లు బస్సు. కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సెక్కి, చొల్లంగి దాటాక కోరంగి అభయారణ్యం దగ్గర దింపమని కండక్టరుకు ముందే చెప్పాలి. కాకినాడ నుంచి సుమారు 18 కిలోమీటర్లు. మూడింటిలోకీ రేవు దాకా మామూలు బస్సు వెళ్లేది ఇక్కడికే.

మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక, చివర అటవీ శాఖ బోటు. చెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఉప్పు బురదలో గాలి అందక వేళ్లే పైకి వచ్చి ఊపిరి తీసుకుంటాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో నీటి కుక్కలు, బావురు పిల్లులు ఉన్నాయి. పిల్లులు పగలు కనబడవు, పక్షులు మాత్రం ఎప్పుడూ కనబడతాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవును 1839 నవంబరు తుపాను తుడిచిపెట్టింది. ఆ సంగతి తెలిసి చూస్తే ఈ మడ చెట్లు కాకినాడకు ఎంత అవసరమో అర్థమవుతుంది.

ఇక్కడ పని చెడేది పోటు పాట్ల వల్ల. బోటు వెళ్లేది కాలువ లాంటి పాయలో. పాటు మీద నీరు దిగిపోతే అడుగు బురదకు తగులుతుంది, బోటు కదపరు. టికెట్టు కౌంటర్ తెరిచి ఉన్నా గంటలకొద్దీ కూర్చోవలసి వస్తుంది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్న వెళ్లినవాళ్లు చెప్పిన వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా ఎక్కుతుంది, అంతే బాగా దిగుతుంది. వెళ్లే రోజు కాకినాడ పోటు వేళ చూసుకుని, నీరు ఎక్కుతుండగా చేరేలా బయలుదేరండి. ఈ కారణం వల్లే విశాఖ నుంచి ఒక్కరోజులో పోయి రావడం వద్దంటాం. రైలు, రెండు బస్సులు కలిసి ఒక వైపే నాలుగు గంటలు పడుతుంది, పోటు మీకోసం ఆగదు. కాకినాడలో ఒక రాత్రి ఉంటే సాయంత్రం పోటైనా, మర్నాటి పొద్దుటి పోటైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

బోటు షికారు చిన్నదే. నది మీద పొద్దంతా గడపాలనుకున్నవాళ్లకు సరిపోదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, చిన్న పిల్లలకూ మాత్రం మూడింట్లో ఇదే సులువు.

పాపికొండలు: పూర్తి రోజు, రెండు రాత్రులు

నది ప్రయాణం అంటే మనసులో మెదిలేది ఇదే, దానికి తగ్గట్టే ఉంటుంది. కొండల మధ్య గోదావరి బాగా సన్నబడే చోట రెండు ఒడ్డులూ దగ్గరకొచ్చి నీడ మీద పడుతుంది. పేరంటాలపల్లిలో శివాలయం, అక్కడి గిరిజనులు కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు చూడ్డానికి కాసేపు ఆపుతారు. పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ (అసలు డ్యామ్ పనుల కోసం వేసే తాత్కాలిక కట్ట) కట్టాక వెనుక నీటి మట్టం పెరిగింది, పాత ఫోటోల్లోని ఇసుక తిన్నెలు చాలా మటుకు మునిగిపోయాయి. అవి చూద్దామని వెళ్తే నిరాశే.

కారు లేనివాళ్లకు ఇందులో ఒక సౌకర్యముంది: బోటువాళ్లే రాజమండ్రి నుంచి గండి పోచమ్మ గుడి దగ్గరి రేవుకు బస్సు వేస్తారు. టికెట్టులో బస్సు, టిఫిను, మధ్యాహ్న భోజనం కలిసి ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. బస్సు లేకుండా ఒట్టి బోటు టికెట్టు తీసుకుంటే పొద్దున్నే రేవుకు చేరడం గగనం.

ఈ బస్సులు ఉదయం ఏడు, ఏడున్నర ప్రాంతంలో కదులుతాయి. విశాఖలో తెల్లవారుజామున వందే భారత్ ఎక్కినా నమ్మకంగా అందదు. రాత్రి రైల్లో వచ్చి అదే పొద్దున బోటెక్కే ప్లానూ అంతే, రైలు గంట ఆలస్యమైతే టికెట్టు డబ్బులు పోయినట్టే. సాయంత్రం తిరిగి రాజమండ్రి చేరేసరికి ఏడు, ఎనిమిది అవుతుంది. కాబట్టి ముందు రాత్రి, వెనక రాత్రి రెండూ రాజమండ్రిలోనే పడుకోవడం మంచిది. స్టేషన్ దగ్గర గది తీసుకుని, పెద్ద సామాను అక్కడే వదిలి, చిన్న సంచితో వెళ్లండి.

కాలం విషయంలో మాత్రం రాజీ పడొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మార్చి తర్వాత పై డెక్ మీద ఎండకు నిలబడలేరు. జులై నుంచి వరద, గండి పోచమ్మ గుడి కూడా మునుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర పర్యాటక బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయారు. అప్పుడు గోదావరి వరద మీదే ఉంది. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆపేసి, రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. అధికారులు ఆపారంటే బతిమాలకండి, వేరే రేవు నుంచి తీసుకెళ్తామనేవాళ్లను నమ్మకండి. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తున్నా విప్పొద్దు, పిల్లల సైజు ఉందో లేదో ఎక్కేముందే చూసుకోండి. ప్రయాణికుల జాబితాలో పేరు రాయించుకోవడానికి ఒక్కొక్కరికీ గుర్తింపు కార్డు కావాలి.

దిండి: విశ్రాంతికి

వశిష్ఠ గోదావరి ఒడ్డున కొబ్బరి తోటలు, హౌస్‌బోటు. విశాఖ నుంచి నేరు దారి లేదు. అమలాపురం దాకా ఆర్టీసీ బస్సులో వెళ్లి రాజోలు, పాలకొల్లు వైపు బస్సు మారొచ్చు, లేదా రైల్లో నిడదవోలులో మారి పాలకొల్లులో దిగొచ్చు. పాలకొల్లు–రాజోలు బస్సు చించినాడ వంతెన దాటగానే దిండి వస్తుంది. వంతెన దగ్గర నుంచి బస దాకా ఆటో. ఎలా వెళ్లినా సగం రోజు పైనే పడుతుంది కాబట్టి రెండు రాత్రులకు తక్కువైతే వెళ్లొద్దు.

హౌస్‌బోటు బుక్ చేసేముందు అడగవలసినవి: పగలు ఎన్ని గంటలు తిప్పుతారు, ఏసీ రాత్రంతా వస్తుందా లేక జనరేటర్ నడిచినంతసేపేనా. రాత్రి బోటును ఒడ్డున కట్టేస్తారు. ఏసీ ఆగాక కిటికీ తెరిస్తే దోమలు. మా లెక్కలో ఒడ్డున గది తీసుకుని, సాయంత్రం గంటా రెండు గంటలు బోటు షికారు చేయడమే మేలు, ఖర్చూ తగ్గుతుంది.

అక్కడున్నప్పుడు అంతర్వేది వెళ్లి రండి, వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. మలికిపురం మీదుగా బస్సులో వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు దాటండి. మనుషులు, మోటారు సైకిళ్లు, కూరగాయల గంపలు అన్నీ కలిసి వెళ్లే ఆ పంటు మీద నది మనదన్నట్టు అనిపిస్తుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ రోజుల్లో గది దొరకదు, బస్సులో కాలు పెట్టే చోటుండదు.

సముద్రం ముందా, నది ముందా?

హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు పాపికొండలైతే నదినే ముందు పెట్టుకోండి. రాజమండ్రి ఎలాగూ దారిలోనే వస్తుంది. బోటు ఆగిపోతే ఒకరోజు ఆగి చూడొచ్చు, లేదా విశాఖకు ముందుగానే పోవచ్చు. చివరి రోజుకు పెట్టుకుంటే ఆలస్యమైన బోటుకీ ఇంటికెళ్లే రైలుకీ మధ్య నలిగిపోతారు.

కోరంగి, దిండి మాత్రం చివరికే బాగుంటాయి. కాకినాడ నుంచి లింగంపల్లికి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది, నరసాపురం నుంచీ హైదరాబాద్ వైపు రాత్రి రైలుంది. మళ్లీ విశాఖ దాకా రానక్కర్లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, సంక్రాంతి వారమైతే మొదటి రోజు పొద్దున్నే చేయాలి.

మొత్తం ఐదు రాత్రులుంటే విశాఖలో మూడు, రాజమండ్రిలో రెండు. నాలుగే అయితే విశాఖలో మూడు, కాకినాడలో ఒకటి. విశాఖ బాగా చూసినవాళ్లు, తిరుగుడు తగ్గించాలనుకునేవాళ్లు విశాఖలో రెండు, దిండిలో మూడు పెట్టుకోండి. మూడు రోజుల్లో సముద్రం, పాపికొండలు రెండూ చుట్టేయాలనుకుంటే సగం సెలవు రైల్లోనే పోతుంది, ఆసారికి నదిని వదిలేయండి.

వరద కాకుండా వేరే కారణంతో పాపికొండల బోటు రద్దైతే రాజమండ్రిలో రోజు పాడవదు. పొద్దున్నే రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి బస్సుల్లో వెళ్లి, గుడి చూసుకుని, రేవులో పంటు ఎక్కి గౌతమి గోదావరి దాటండి. అవతల ముక్తేశ్వరం. అక్కడ నుంచి అమలాపురం బస్సు, అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి. పంటుకు చిల్లర దగ్గరుంచుకోండి, చీకటి పడకముందే నది దాటేయండి.