సున్నం పూత బాగుంది, నడిచే దారే లేదు

హైదరాబాద్‌లో పాత కట్టడాలు చూడ్డానికి వెళ్తుంటే చార్మినార్‌తో మొదలుపెట్టకండి. ముందు కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళండి. అక్కడి పని చూశాక, ఊళ్ళో మిగతావాటిలో ఏది శ్రద్ధగా బాగుచేసిందో, ఏది రంగేసి వదిలేసిందో మీకే తెలిసిపోతుంది.

2013లో ఆగాఖాన్ ట్రస్టు మొదలుపెట్టిన పని 2024లో ముగిసింది. వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఓపిగ్గా గీకేసి, మళ్ళీ సున్నం పూత వేశారు. సిమెంటు తేమను గోడలోనే పట్టి ఉంచుతుంది, సున్నం ఆరనిస్తుంది. గుమ్మటాల కంటే నాకు నచ్చింది బడీ బావి. వానలకు ఒక పక్క కూలిన ఆ మెట్ల బావిని తిరిగి కట్టారు. అయితే తోట చాలా పెద్దది, ఎండ కూడా ఎక్కువే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాం కాబట్టి చెప్తున్నా, పొద్దున గేటు తెరవగానే అక్కడికి చేరుకోండి.

బన్సీలాల్‌పేట మెట్ల బావికి గాంధీ హాస్పిటల్ మెట్రో స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. చెత్తతో పూడిపోయిన బావిని శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. చూడ్డానికి అరగంట చాలు. పెద్దమ్మ మెట్లు దిగలేదు, పైనుంచే చూసి "మా ఊళ్ళో ఇలాంటిదాన్ని మట్టిపోసి పూడ్చేశారే" అంది.

చార్మినార్ దగ్గర ఆటో అతను చాలా ముందే ఆపేశాడు. "ఇంక బండి పోదమ్మా, ఈడనే దిగుండ్రి." కట్టడం చుట్టూ బండ్లు రాకుండా చెయ్యడం మంచిదే. కానీ దిగిన చోటు నుంచి అక్కడిదాకా ఫుట్‌పాత్ మీద సరుకులు, రోడ్డు మీద బైకులు. కూర్చోడానికి చోటు దొరకలేదు, మరుగుదొడ్డి కోసం ముగ్గుర్ని అడగాల్సొచ్చింది. నిజాంల ప్యాలెస్ చౌమహల్లా లోపలికెళ్ళాకే పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. టికెట్టు డబ్బులకు న్యాయం చేసే చోటు. 2010లో యునెస్కో అవార్డు ఊరికే ఇవ్వలేదు. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. బయటి గల్లీల్లో మాత్రం వేరే కథ. దేవిడీల్లో, అంటే నవాబుల పాత భవంతుల్లో, కొన్నింటికి వీధి కమాను మాత్రమే మిగిలింది, వెనక అపార్ట్‌మెంట్లు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మోజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, 2020లో బాగుచేశారు. రేకులు, హోర్డింగులు పోయాయి, అంగళ్ళు ఉండిపోయాయి. అత్తరు, డ్రై ఫ్రూట్స్, ఐస్‌క్రీమ్ బేరాలు ఎప్పటిలాగే సాగుతున్నాయి. సీతాఫలం ఐస్‌క్రీమ్ తినండి. కారు మాత్రం తీసుకెళ్ళకండి, పార్కింగ్ దొరకదు.

బస నాంపల్లి స్టేషన్ పక్క లాడ్జిలో. వేన్నీళ్ళు పొద్దున ఒక్కపూటే, రాత్రంతా హారన్లు. అయినా మెట్రోకి నడిచి వెళ్ళొచ్చు, అందుకే మళ్ళీ అక్కడే దిగుతాను. 2010లో హోటల్‌గా మారిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బస మా తాహతుకు మించింది. గది మాట అటుంచి, టీ తాగాలన్నా ముందే బుక్ చేసుకోవాలి.

దారి సంగతికొస్తే, ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి ఫలక్‌నుమా వైపు పాతబస్తీ మెట్రోకి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ మీదుగా వస్తుంది. పెద్దమ్మలాంటి వాళ్ళకి అంతకంటే కావలసిందేముంది! కానీ దానికోసం రోడ్డు వెడల్పు చెయ్యాలి, అంటే రెండు పక్కలా ఇళ్ళు పోవాలి. సమాధుల మీద చూపించిన ఓపిక ఆ వీధి మీద చూపిస్తారన్న నమ్మకం నాకు లేదు. పురానీ హవేలీ మ్యూజియంలో ఆరో నిజాం రెండంతస్తుల బట్టల బీరువా చూడాలనుకునేవాళ్ళు, వెళ్ళేటప్పుడు దారుల్‌షిఫా నుంచి నడిచే వెళ్ళండి. ఆ వీధి ఇప్పుడెలా ఉందో కూడా చూసినట్టవుతుంది.