బైక్ టైర్ ప్రెజర్ సెన్సార్లు కొనేవాళ్ళు జాగ్రత్త: విప్పమనేది వాళ్ళే, విప్పాక వారంటీ లేదనేదీ వాళ్ళే

కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇప్పుడే రాస్తున్నా, మీలో ఎవరైనా ఆ కిట్ ఆర్డర్ పెట్టేలోపు ఇది చదవాలని.

వాల్వ్ మీద క్యాప్ బదులు బిగించే రెండు సెన్సార్లు, హ్యాండిల్ మీద చిన్న డిస్‌ప్లే, ఎక్కడ చూసినా దాని యాడే వస్తోంది కదా, అదే. పేరు రాయట్లేదు, కొన్నవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. బిగించిన కొత్తలో బాగానే పనిచేసింది. తర్వాత ముందు టైర్‌లో గాలి తగ్గడం మొదలైంది, రాత్రి 33 పీఎస్ఐ పెడితే పొద్దునకి 28 చూపిస్తోంది, వెనక టైర్ మాత్రం కదల్లేదు.

సపోర్ట్ వాళ్ళని అడిగితే మొదట చలికి తగ్గుతుందన్నారు. చలికి తగ్గే మాట నిజమే, కానీ ఎంత తగ్గుతుంది? సుమారు 6 డిగ్రీలు పడిపోతే 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఆ లెక్కన 5 పీఎస్ఐ తగ్గాలంటే ఒక్క రాత్రిలో 30 డిగ్రీలు పడిపోవాలి, పైగా చలి ముందు టైర్‌కే వేస్తుందా, వెనకదానికి వెయ్యదా? ఇది అడిగితే జవాబు లేదు, మాట మార్చి పంక్చర్ అయ్యుంటుంది చూపించుకోండి అన్నారు.

సరే అని సబ్బు నీళ్ళు కలిపి టైర్ మొత్తం రాశాను, రిమ్ అంచు చుట్టూ కూడా, ఎక్కడా ఒక్క బుడగ లేదు. సెన్సార్ మొదట్లో, వాల్వ్‌కి అతుక్కునే చోట రాస్తే మాత్రం సన్నటి నురగ మెల్లగా పొంగుతూ వచ్చింది, తుడిస్తే మళ్ళీ అక్కడే వచ్చింది. సెన్సార్ తీసి మామూలు క్యాప్ పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున గేజ్‌లో అదే 33. టైర్ బాగుంది, వాల్వ్ బాగుంది, గాలి పోతున్నది సెన్సార్ దగ్గరే. ఈ రకం సెన్సార్ బిగించగానే వాల్వ్ లోపలి పిన్నుని నొక్కి ఉంచుతుంది, అలా నొక్కితేనే లోపలి గాలి దానికి తగిలి రీడింగ్ వస్తుంది. అంటే అప్పట్నుంచి గాలిని ఆపేది వాల్వ్ పిన్ను కాదు, సెన్సార్ లోపల ఉండే చిన్న రబ్బర్ రింగు. నా దాంట్లో ఆ రింగు ఒక పక్కన కోసుకుపోయి ఉంది, గోరుతో కదిపితే చిన్న పెచ్చు లేస్తోంది. గాలి తగ్గితే చెప్పాల్సిన వస్తువే గాలి తీసేస్తోంది, కంచే చేను మేసినట్టు.

ఇదంతా ఫొటోలు, వీడియోతో సహా పంపాను. ఇక రిప్లేస్‌మెంట్ ఇస్తారనుకుంటే, సెన్సార్ మూత విప్పి బ్యాటరీ తీసి మళ్ళీ వేసి పెయిర్ చెయ్యండి అని మెసేజ్ వచ్చింది. గాలి లీకేజీకీ బ్యాటరీకీ సంబంధం లేదండీ, రింగు తెగింది చూడండి అని చెప్పాను. ఆ స్టెప్ చెయ్యకపోతే కంప్లైంట్ ముందుకెళ్ళదన్నారు. బాక్సులో వాళ్ళిచ్చిన స్పానర్‌తోనే విప్పాను, లోపల సీఆర్ 1632 సెల్ ఉంది, మీటర్ పెడితే 3 వోల్టులు సరిగ్గా ఉంది, మళ్ళీ వేశాను, పెయిర్ చేశాను, లీక్ అలాగే ఉంది. మూత విప్పి ఫొటో పంపమని అడిగిందీ వాళ్ళే, పంపాను.

దానికి వచ్చిన జవాబు ఇది: "ఫొటోలో సీల్ ఓపెన్ చేసినట్టు ఉంది, కస్టమర్ విప్పిన ప్రోడక్ట్‌కి వారంటీ వర్తించదు." అదే చాట్‌లో, సరిగ్గా దాని పైన, విప్పమని వాళ్ళు రాసిన మెసేజ్ అలాగే కనిపిస్తోంది! స్క్రీన్‌షాట్ తీసి పంపితే కంప్లైంట్ క్లోజ్ చేసేశారు. ఫోన్ చేస్తే ఎత్తినాయన ఏమన్నాడో తెలుసా, "మేము సలహా ఇచ్చాం సార్, విప్పింది మీరే కదా" అన్నాడు. అదేంటండీ, మీరు విప్పమంటేనే కదా విప్పింది అంటుండగానే పెట్టేశాడు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ, ఆ ఒక్క మాటకి. కస్టమర్ చేత సీల్ తెంపించి దాన్నే సాకుగా చూపడం పచ్చి మోసం.

ఇదేమన్నా ఇయర్‌ఫోనా, పాడైతే పక్కన పడేయడానికి? ముందు టైర్ గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి చెప్పినట్టు వినదు, గట్టిగా బ్రేక్ వేస్తే ఏమవుతుందో బండి నడిపేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కార్లకైతే అమెరికాలో 2007 నుంచి, యూరప్‌లో 2014 నుంచి కొత్త బండ్లన్నిటికీ ఈ సిస్టమ్ తప్పనిసరి చేసి రూల్స్ పెట్టారు. అక్కడ కూడా ఆ రూల్స్ బైకులకి లేవు, మనం విడిగా కొని బిగించుకునే కిట్ మంచిదో కాదో చూసుకోవాల్సింది మనమే.

ఇప్పటికే కొనేసినవాళ్ళు సెన్సార్ బిగించాక అది వాల్వ్‌కి అతుక్కునే చోట సబ్బు నీళ్ళు రాసి చూడండి, మర్నాడు పొద్దున బండి తియ్యకముందు చేతి గేజ్‌తో ఒకసారి చెక్ చెయ్యండి. బండి ఆగి ఉన్నప్పుడు రీడింగ్ రాకపోతే కంగారు పడకండి, చాలా సెన్సార్లు బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతాయి, చక్రం తిరిగితే లేస్తాయి. సపోర్ట్ వాళ్ళు ఏది విప్పమన్నా, విప్పినా వారంటీ ఉంటుందని రాతపూర్వకంగా ఇచ్చాకే ముట్టుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట నమ్మొద్దు. ఇంకోటి, రబ్బర్ వాల్వ్ ఉన్న చక్రానికి ఈ క్యాప్ సెన్సార్లు పెట్టకండి, స్పీడులో ఆ బరువుకి వాల్వ్ వంగి వంగి మొదలు దగ్గర పగులుతుంది, మెటల్ వాల్వ్ వేయించుకున్నాకే బిగించండి.