డాక్టర్ దగ్గర మాట ఎవరు చెప్పాలి: ఇంట్లోవాళ్లా, దుబాసీనా?

కొత్త దేశంలో స్థిరపడిన శరణార్థికి అక్కడి డాక్టర్ భాష రాదు. కొడుకునో కూతురినో వెంట తీసుకెళ్లాలా, ఆసుపత్రి వాళ్లిచ్చే దుబాసీని అడగాలా?

పిల్లలైతే ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు. అపాయింట్‌మెంట్ మార్చుకోవడానికి వాళ్లు చాలు. చిక్కంతా డాక్టర్ గదిలోనే. యుద్ధంలో పడ్డ హింస, నిద్రపట్టని రాత్రులు, గర్భసంచి సమస్య... ఇవన్నీ 12 ఏళ్ల కొడుకు ముందు ఏ తల్లి చెబుతుంది? చెప్పినా, వాటిని తన నోటితో డాక్టరుకు వినిపించాల్సింది ఆ పిల్లాడే. మందు మోతాదు తప్పుగా చెబితే ప్రమాదం కూడా. అత్యవసరమైతే తప్ప మైనర్లతో ఈ పని చేయించొద్దని, ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులకు అమెరికా 2016లో నిబంధన పెట్టింది ఊరికే కాదు.

శిక్షణ పొందిన దుబాసీకి వైద్య పదాలు తెలుసు, గుట్టు బయటపెట్టకూడదన్న నియమమూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో టిఐఎస్ నేషనల్ అనే ప్రభుత్వ సేవ ఫోన్‌లో 24 గంటలూ దొరుకుతుంది. అయితే తమవాళ్లు కొద్దిమందే ఉన్నచోట దుబాసీ కూడా తెలిసినవాడే కావచ్చు. ఆ టెన్షన్ నిజమే. అలాంటప్పుడు నా ఓటు ఫోన్‌కే: మొహం కనబడదు, వేరే ఊరి మనిషిని అడగొచ్చు. ఆడవాళ్లు ఆడ దుబాసీయే కావాలని ముందే చెప్పొచ్చు, మొహమాటం అక్కర్లేదు.