ఆరేళ్లు, రెండు ఫ్రిజ్ కంప్రెసర్లు, ఒక లారీ ట్యాంకు

మా షెడ్డులో, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో నేనే చేసుకున్న గాలి కంప్రెసర్ ఆన్‌లో ఉందో లేదో తెలియాలంటే దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. వణుకు చేతికి తెలుస్తుంది కానీ చెవికి తెలియదు. రాత్రి పదింటికి కూడా స్కూటరు టైరుకి గాలి పెట్టుకుంటాను, పక్కింటివాళ్లు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. ఆరేళ్ల వాడకం తర్వాత దాన్ని ఇంకా ఉంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే. డబ్బు మిగల్చడానికే అయితే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. లెక్క కిందనే చెబుతాను.

2019 ఎండాకాలంలో మా అత్తగారింటి ఫ్రిజ్ పోయింది. 165 లీటర్ల సింగిల్ డోర్. అడుగున పైపు తుప్పు పట్టి గ్యాస్ కారిపోతోంది. మెకానిక్ రెండుసార్లు గ్యాస్ పట్టి, మూడోసారి "కొత్తది కొనుక్కోండమ్మా" అని చేతులెత్తేశాడు. కంప్రెసర్ మాత్రం నిక్షేపంలా ఉంది. ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తామన్న డబ్బు ఆటో కిరాయికి కూడా చాలదు. మామయ్యగారు "తీసుకుపోవయ్యా, ఏదో ఒకటి చేస్తావుగా" అన్నారు. తీసుకొచ్చాను.

కంప్రెసర్‌కి మూడు గొట్టాలుంటాయి. ఒకటి లోపలికి పీల్చేది, ఒకటి బయటికి తోసేది, మూడోది గ్యాస్ నింపడానికి పెట్టి మూసేసినది. పీల్చే గొట్టానికి బైకు పెట్రోల్ ఫిల్టర్ తగిలించాను, దుమ్ము లోపలికి పోకుండా. తోసే గొట్టాన్ని ట్యాంకుకి కలిపాను. వినడానికి ఇంతే. తంటా అంతా ట్యాంకు దగ్గరే వచ్చింది.

తెలిసినవాళ్లలో సగం మంది "పాత గ్యాస్ బండ ఉంటే చాలు కదా" అన్నారు. ఇంట్లో ఉన్న బండ మనది కాదు, కంపెనీది. మనం కట్టింది డిపాజిట్ మాత్రమే. పైగా లోపల మిగిలిన గ్యాస్ వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు, అలాంటిదాన్ని డ్రిల్లు చేయడం వెల్డింగ్ చేయడం ప్రాణాలతో ఆట. ఇంకొకాయన లావుపాటి పీవీసీ పైపు రెండు వైపులా మూసేసి వాడుతున్నానని గొప్పగా చూపించాడు. పీవీసీ పగిలితే ఇనుములా చీరుకోదు, గాజులా ముక్కలై ఎగురుతుంది. ఆయన షెడ్డు నుంచి వీలైనంత త్వరగా బయటికి వచ్చేశాను.

నాకు దొరికింది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ విప్పే చోట. ఎయిర్ బ్రేకుల గాలి ట్యాంకు, 25 లీటర్లు. అది పుట్టిందే ఎనిమిది బార్ల దాకా (ఒక బార్ అంటే టైరు గాలి పాయింట్లలో పద్నాలుగున్నర) గాలి ఒత్తిడి మోయడానికి. తొమ్మిది వందలు చెప్పాడు, ఏడొందల యాభైకి ఇచ్చాడు. కొనేముందు డ్రెయిన్ బోల్టు విప్పించి లోపల టార్చి వేసి చూశాను. పై పై తుప్పు పరవాలేదు, పెచ్చులు రాలుతుంటే వదిలేయాలి. దానికి ఉన్న రంధ్రాలే వాడుకున్నాను, ట్యాంకు ఒంటి మీద ఒక్క వెల్డింగ్ చుక్క పడనివ్వలేదు.

తర్వాత చేసిన పని అందరికీ మరీ మరీ చెబుతాను. మా ప్లంబర్ దగ్గర పైపులైన్లు పరీక్షించే చేతి పంపు ఉంటుంది. ట్యాంకు నిండా నీళ్లు నింపి, గాలి బుడగ లేకుండా చేసి, ఆ పంపుతో 12 బార్ల దాకా ఎక్కించి అరగంట ఉంచాం. నీళ్లతోనే ఎందుకంటే, ట్యాంకు చీలినా నీళ్లు జివ్వున చిమ్మి ఆగిపోతాయి. అదే గాలి అయితే బాంబే. ఈ పరీక్ష రెండేళ్లకోసారి చేస్తున్నాను. సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ స్విచ్ (ట్యాంకు నిండగానే మోటారు ఆపేది), గేజ్, నాన్ రిటర్న్ వాల్వ్ (గాలి వెనక్కి రాకుండా ఆపేది) మాత్రం కొత్తవే కొన్నాను. పాత సామాను వాడే సరదా అక్కడ పనికిరాదు.

ఇప్పుడు లెక్క. ట్యాంకు, కొత్త వాల్వులు, హోస్, లేత్ షాపులో చేయించిన అడాప్టర్లు అన్నీ కలిపి నాలుగు వేలు దాటింది, కంప్రెసర్ ఊరికే వచ్చినా సరే. ఇంకో మూడు నాలుగు వేలు వేసుకుంటే బజార్లో కొత్తదే వస్తుంది, వారంటీతో. కాకపోతే అది ఆన్ చేస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

పనితనం విషయానికొస్తే, ఖాళీ ట్యాంకు 100 పాయింట్లకు నిండడానికి 18 నిమిషాలు పడుతుంది. నవ్వకండి. ఫ్రిజ్ కంప్రెసర్‌లో పిస్టన్ రూపాయి బిళ్లంతే ఉంటుంది, నిమిషానికి పది లీటర్ల గాలి తోస్తే గొప్ప. ఒకసారి నిండాక మాత్రం రోజువారీ పనికి లోటు లేదు. బైకు టైరు ముందు 25, వెనక 36 పెట్టుకుంటే ట్యాంకులో టైరుకి ఎనిమిదో పదో పాయింట్లు తగ్గుతాయి. కార్బురేటర్ జెట్లు ఊదడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, చైన్ కడిగాక ఆరబెట్టడం హాయిగా అవుతాయి. ఇంపాక్ట్ గన్ మాట ఎత్తకండి, ఒక నట్టుకి సగం గాలి తాగి చతికిలబడుతుంది. బైకు ట్యాంకుకి పెయింట్ కొట్టాలని ఒకసారి ఆశపడ్డాను. గాలితో పాటు సన్నటి నూనె తుంపర వస్తుంది కదా, పెయింట్ మీద చేపకళ్లలా గుంటలు గుంటలు పడ్డాయి. గీకి మళ్లీ బయట వేయించుకున్నాను.

ఆ నూనె సంగతే మొదటి కంప్రెసర్ ప్రాణం తీసింది, తప్పు పూర్తిగా నాది. ఫ్రిజ్‌లో నూనె గ్యాస్‌తో పాటు గొట్టాలన్నీ తిరిగి మళ్లీ సొంతగూటికే చేరుతుంది. గాలి కొట్టేటప్పుడు వెళ్లిన నూనె వెళ్లినట్టే. నేను వారానికోసారి ట్యాంకు కింద డ్రెయిన్ బోల్టు తిప్పి, గాలిలోని చెమ్మ వల్ల చేరిన నీళ్లు వదిలేవాణ్ణి, అవి మజ్జిగలో కాఫీ పోసినట్టు ఉండేవి. తుప్పు నీళ్లు అనుకున్నాను. రెండున్నరేళ్లకు ఒకరోజు పాత కుట్టుమిషన్‌లా టకటకలాడింది, ఆ సాయంత్రమే పట్టేసింది. గ్రైండర్‌తో డొప్ప కోసి చూశాను. లోపల మోటారు, పిస్టన్ మొత్తం స్ప్రింగుల మీద కూర్చుని ఉన్నాయి. అంత నిశ్శబ్దం ఎక్కడినుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది. అడుగున పావు లీటరు నూనె ఉండాల్సిన చోట వేలు పెట్టి రాస్తే వేలికి జిడ్డు అంటింది, అంతే. షాఫ్ట్ నీలం రంగుకి మాడిపోయింది.

రెండోది ఒక ఫ్రిజ్ మెకానిక్ దగ్గర ఐదొందలకు కొన్నాను. ఫ్రిజ్‌లోంచి నేనే విప్పుకుంటాననేసరికి ఆపేశాడు. "అన్నా, స్టిక్కర్ మీద ఆర్ 600ఏ అని ఉంది చూశారా? దీనికి టార్చ్ పెట్టారంటే వంటగ్యాస్ గొట్టానికి పెట్టినట్టే" అన్నాడు. నిజమే, అది ఐసోబ్యూటేన్, బండలో గ్యాస్‌కి చుట్టం. గ్యాస్ అతనే తీసి, ఆరుబయట పైపు కట్టర్‌తో కోసి ఇచ్చాడు. పాత ఫ్రిజ్‌లలో ఉండే ఆర్ 134ఏ గ్యాస్ అంటుకోదు కానీ దాన్ని గాలిలోకి వదలడం ఇంకో పాపం, వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైనే. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

ఈసారి బుద్ధి తెచ్చుకుని నూనె ఆపే సీసా ఒకటి చేశాను. ఒకటిన్నర అంగుళాల ఇనుప పైపు ముక్క నిలబెట్టి, లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాను. గాలి అందులోంచి వెళ్తుంటే నూనె పీచుకి పట్టుకుని కిందికి దిగుతుంది. అయినా కొంత పోతూనే ఉంటుంది, అందుకని నెలకోసారి సిరంజితో 20 మిల్లీలీటర్ల కంప్రెసర్ ఆయిల్ పీల్చే గొట్టంలో పోస్తాను. క్యాలెండర్‌లో గ్యాస్ బండ వచ్చిన రోజు పక్కనే దీనికీ ఒక చుక్క పెడుతున్నాను. మూడేళ్లు దాటింది, గొంతు మారలేదు.

ఇంకో బాధ కరెంటు కోతలు. సగం నిండాక కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఎదురుగా గాలి తోస్తుంటే పిస్టన్ కదలలేదు. "ఊఁ" అని మూలిగి, ఓవర్‌లోడ్ స్విచ్ టక్‌మని కరెంటు ఆపేస్తుంది. నిమిషానికి మళ్లీ అదే. అలా వదిలేసి ఊరికి వెళ్తే కాయిల్ కాలిపోవడం ఖాయం. కరెంటు పోగానే తెరుచుకునే అన్‌లోడర్ వాల్వ్ పెట్టాక బాగైంది, ఆగిన ప్రతిసారీ "తుస్" మని గొట్టంలో గాలి వదిలేస్తుంది. స్టార్టింగ్ రిలే ఒకసారి మార్చాను. ఊపితే గలగలమంటే లోపలి బిళ్ల పగిలినట్టే, వంద రూపాయల పని. వేడి కూడా చూసుకోవాలి. ఫ్రిజ్‌లో చల్లటి గ్యాస్ తిరిగొచ్చి మోటారును చల్లబరిచేది, ఇక్కడ మన మే నెల గాలే దిక్కు. ట్యాంకు ఒకసారి నిండాక అరగంట విశ్రాంతి ఇస్తాను.

కంప్రెసర్ ఇచ్చిన ధైర్యంతో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ మోటారుకి సానరాయి బిగించాను. దాని వేగం నిమిషానికి 1400 చుట్ల లోపే, మామూలు బెంచ్ గ్రైండర్‌లో సగం. ఇనుప ముక్క పెట్టి కాస్త నొక్కితే ఆగిపోయేది. రాతిపొడి బుష్‌లోకి పోయి పద్నాలుగు నెలలకే ఊగిసలాడింది. రెండో మోటారుకి రాయి పెట్టలేదు, వైర్ బ్రష్ పెట్టాను, తుప్పు దులపడానికి బంగారం. ఇంకో పని కూడా దానికి కుదిరింది. రెండో కొనకు బిగించిన సన్నరకం పాలిషింగ్ చక్రం మీద మా ఆవిడ కత్తిపీట పదును పెడతాను. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి అంచు వేడెక్కి నీలం తిరగదు. వీధిలోకి సైకిల్ మీద వచ్చే సానపట్టే ఆయన పని దీనికంటే బాగుంటుందని ఆవిడ అభిప్రాయం. నేను వాదించను. ఒక్క మాట, మెషీన్‌లో ఈ మోటారు ప్లాస్టిక్ డొప్పలో ఉండేది. ఇనుప బల్ల మీదికి తెచ్చినప్పుడు ఎర్తింగ్ తప్పనిసరి, షెడ్డు లైనుకి 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) కూడా.

మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో స్పాట్ వెల్డర్ చేద్దామని ఓవెన్ మూత విప్పాను, చూశాను, మళ్లీ బిగించేశాను. అందులో రెండు వేల వోల్టుల లైను ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్‌లో కరెంటు దాక్కుని ఉండొచ్చు. అరమిల్లీమీటరు రేకు అతికించడానికి అంత సాహసం నాకొద్దు.

ఇక మిగిలింది అత్తగారి ఫ్రిజ్ డొల్ల. అల్మరాగా మారింది, వెల్డింగ్ రాడ్లు దాచడానికి. కృష్ణ ఒడ్డున వానాకాలం రాడ్లు బయట పెడితే చెమ్మ పట్టి చిటపటలాడతాయి. లోపల కింద 60 వాట్ల బల్బు ఒకటి వెలుగుతూ ఉంటుంది, తలుపు రబ్బరు ఆ వేడిని బయటికి పోనివ్వదు. మామూలు 6013 రాడ్లు ఎప్పుడు తీసినా పొడిగా ఉంటాయి. 7018 రకానికి ఈ వేడి చాలదు, వాటికి అసలైన ఓవెన్ కావాల్సిందే. పిల్లలు లోపల దూరకుండా బయట గడియ పెట్టి తాళం వేశాను. పోయిన నెల బల్బు మాడిపోయి కొట్టుకి వెళ్తే కుర్రాడు ఎల్ఈడీ ఇచ్చాడు. ఇది వేడెక్కదు బాబూ అంటే, "వేడెక్కకుండానే కదండీ అందరూ అడిగేది" అన్నాడు. నాలుగు కొట్లు తిరిగితే దుమ్ము పట్టిన మూడు ఫిలమెంట్ బల్బులు దొరికాయి. మూడూ కొనేశాను.