డెంగ్యూ జ్వరానికి సూది మేలా, మాత్ర మేలా?

“సూదేసీ బావూ, రేపు ఉభాలున్నాయి.” ఉభాలంటే వరినాట్లు. వానాకాలంలో నరసన్నపేట చుట్టుపక్కల ఏ ఆరెంపీ (డిగ్రీ లేని ఊరి వైద్యుడు) గుమ్మం దగ్గరైనా వినపడే మాటే. పోయినేడు మా మావయ్యా అదే అన్నాడు. ఒకే సూదిలో నొప్పికి డైక్లోఫెనాక్, జ్వరానికి డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్). రెండు గంటల్లో చెమట పట్టి జ్వరం దిగింది. తెల్లారి మళ్లోకి దిగాడు. మూడోనాడు కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం. పరీక్ష చేస్తే డెంగ్యూ.

ఆ జ్వరం పుట్టేది దోమ కుట్టిన చోటే. చర్మంలో కాపలా ఉండే డెండ్రైటిక్ కణాల మీద డీసీ-సైన్ అనే రిసెప్టర్‌ని (తగిలినదాన్ని గుర్తుపట్టే ప్రొటీన్) పట్టుకుని వైరస్ లోపలికి దూరుతుంది. లోపలున్న టీఎల్ఆర్-7 లాంటి రిసెప్టర్లు దాని జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏని పసిగడతాయి. వెంటనే కణం సైటోకైన్లు, అంటే కణాల మధ్య కబురు మోసే ప్రొటీన్లు, వదులుతుంది. వాటిలో ఇంటర్‌ఫెరాన్ పక్క కణాలను జాగ్రత్తపడమంటుంది. ఐఎల్-6 అనే ఇంకోటి మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనే జ్వరం తెచ్చే రసాయనాన్ని పెంచి ఒళ్లు కాలేలా చేస్తుంది.

డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలు. ఒకటి వచ్చి తగ్గాక ఇంకోటి వస్తే, పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. పైగా యాంటీబాడీ తోకను పట్టుకునే ఎఫ్‌సీ రిసెప్టర్ మీదుగా దాన్ని కణాల్లోకి చేరవేస్తాయి (కాపలావాడే తలుపు తీసినట్టు). అప్పుడు సైటోకైన్లు హద్దు మీరితే సన్న రక్తనాళాలు వదులై రక్తంలోని నీటి భాగం (ప్లాస్మా) కారిపోతుంది.

మాత్రగా ఇచ్చే పారాసిటమాల్ మెదడు దగ్గర ప్రోస్టాగ్లాండిన్‌ని తగ్గిస్తుంది, సైటోకైన్ల జోలికి పోదు. డైక్లోఫెనాక్ కడుపులో పుండు చేయగలదు, ప్లేట్‌లెట్ల పనీ చెడగొడుతుంది. అసలే అవి పడిపోయే జబ్బులో అది ఎందుకు?

డెక్సా మాత్రం సైటోకైన్ల తయారీనే నొక్కేస్తుంది. “మంచిదేగా, కోవిడ్‌లో బతికించింది కదా” అంటారు. నిజమే, 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మాత్రం లాభం కనపడలేదు. డెంగ్యూలో అయితే మేలు చేస్తుందని ఇంతవరకూ తేలలేదు. ఇంకో చిక్కుంది. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే, మూడు నుంచి ఏడు రోజుల మధ్య. సూదితో ముందే దింపేస్తే ఆ గడియ ఎప్పుడొచ్చిందో ఎలా తెలుస్తుంది?

నేనైతే మాత్రే అంటాను. పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఆరు గంటల ఎడంతో, పెద్దవాళ్లకి రోజుకి 3 గ్రాములు దాటకుండా. గంజి, ఓఆర్ఎస్ ఎంత తాగితే అంత. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తం కనపడితే జ్వరం లేకపోయినా శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బండెక్కించాల్సిందే.

మావయ్య సెలైన్ ఎక్కుతుండగా కళ్లు తెరిచి అడిగింది ఒక్కటే: “ఉభాలు అయిపోనాయా?”