మాట వినపడే హోటల్ కోసం హైదరాబాద్‌లో మూడు రాత్రులు

మా మేనమామకు డెబ్బై నాలుగేళ్లు. రెండు చెవులకూ మిషన్లు. కొత్తవి పెట్టించి, వాటి సౌండు సరిచేయించడానికి కార్తీకమాసంలో నేనూ మా ఆవిడా ఆయన్ని మూడు రోజులు హైదరాబాద్ తీసుకెళ్లాం. రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతూనే ఆయన ఒక మాట అన్నారు. "ఒరేయ్ అబ్బాయ్, మీ ఇద్దరితో ఒక విషయం మాట్లాడాలి. తీరిగ్గా, భోజనం దగ్గర." రైల్లో చెప్పండి మామయ్యా అంటే, ఇది రైల్లో అరిచి చెప్పే విషయం కాదన్నారు.

లాడ్జిలోనూ కుదరలేదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ముగ్గురికీ కలిపి ఒకటే గది, రోజుకు 1,650. కిటికీ తెరిస్తే ఆటోల హారన్లు, మూస్తే ఏసీ మోత. వేడినీళ్లు మాత్రం సమయానికి వచ్చాయి, అంతకన్నా చెప్పుకోవాల్సిందేమీ లేదు. ఆదివారం పగలు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. మ్యూజికల్ క్లాక్‌లోని బొమ్మ గంట కొట్టగానే మామయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని "వినిపించిందిరా!" అన్నారు. ఆ ఉత్సాహంలో ఆ రాత్రికి మంచి చోటికి తీసుకెళ్లాలనిపించింది. అదే నేను చేసిన తప్పు.

మంచి చోటంటే ఖరీదైన చోటని ఎందుకనుకుంటామో తెలీదు. మాధాపూర్‌లో ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారక్కర్లేకుండా మాధాపూర్‌లో దిగొచ్చు, ఆ ప్రయాణం హాయిగానే సాగింది. లోపలికి అడుగుపెట్టగానే విషయం అర్థమైంది. నేల గ్రానైటు, గోడలు అద్దాలు, పైన సీలింగ్ లేకుండా నల్ల రంగు వేసిన గొట్టాలు. మెత్తటి వస్తువన్నది ఒక్కటి లేదు. అలాంటి గదిలో ప్లేటు మీద చెంచా పడినా నాలుగు గోడలకూ తగిలి మన దగ్గరికే వస్తుంది. దానికి తోడు స్పీకర్లలో దరువు, గోడ మీద క్రికెట్. చుట్టూ గోల పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు, ఒక ఫ్రెంచి వైద్యుడు గమనించి 1911లో ప్రచురించాడు. పక్క టేబుల్ వాళ్లు గొంతు పెంచారని మనం పెంచుతాం, మనం పెంచామని వాళ్లు ఇంకాస్త పెంచుతారు. మామూలు మాట అరవై డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. నా ఫోన్ యాప్‌లో 86 చూపించింది. యాప్ లెక్క అటూఇటూగా ఉంటుందనుకున్నా, అంత తేడా యాప్‌ది కాదు.

కళ్లజోడు పెట్టుకుంటే చూపు సరిపోయినట్టు, చెవి మిషన్ పెట్టుకుంటే అంతా సరిగ్గా వినపడుతుందని మనం అనుకుంటాం. అది అలా పనిచేయదు. మన మాటనూ పెంచుతుంది, పక్కవాడి స్పూనునూ పెంచుతుంది. కొత్తవాటిలో గోలను తగ్గించే ఏర్పాటు ఉన్నా అంత గోలకి అదీ చాలదు. మామయ్య రెండుసార్లు "ఇల్లు..." అని మొదలుపెట్టారు. రెండుసార్లూ నేను "ఆఁ?" అన్నాను. మూడోసారి మొదలుపెట్టేసరికి ఎవరిదో పుట్టినరోజని లైట్లు ఆర్పి, వెయిటర్లంతా చప్పట్లు కొడుతూ పాట అందుకున్నారు. మామయ్య నెమ్మదిగా మిషన్లు తీసి కళ్లజోడు పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ తరవాత ఆయన తలెత్తి చూడకుండా భోంచేశారు. మా ఆవిడ నన్ను చూసిన చూపు బిల్లు కన్నా ఖరీదైంది.

ఇక బిల్లు. తిన్నది 1,960. అందులో నీళ్ల సీసా ఒక్కటే 90. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 196, ఆ రెండింటి మీదా ఐదు శాతం జీఎస్టీ, మొత్తం 2,264. సర్వీస్ చార్జి మనం ఇష్టపడి ఇచ్చేదే తప్ప వాళ్లు తమంతట తాము బిల్లులో కలిపేది కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే ఈ మాట చెప్పింది, హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. తీసేయమన్నాను. వెయిటర్ మేనేజర్ని పిలిచాడు, మేనేజర్ "కంపెనీ పాలసీ సార్" అన్నాడు. 1915కి ఫోన్ చేస్తానని వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు నొక్కడం మొదలుపెట్టాక 2,058 అని కొత్త బిల్లు తెచ్చాడు. ఇదంతా అరుచుకుంటూనే జరిగింది, మామూలుగా మాట్లాడితే అతనికీ వినపడదు కదా. తిరుగు క్యాబ్‌కి 468. ఎవరూ మాట్లాడలేదు.

సోమవారం రాత్రి బాధ్యత మా ఆవిడ తీసుకుంది. హిమాయత్‌నగర్ వైపు ఒక శాకాహార హోటల్. ఆంధ్రా భోజనం 190, ముగ్గురికి జీఎస్టీతో కలిపి 598.50. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, అప్పుడే దించిన చారు. భోజనానికి వంక పెట్టలేను. కానీ ఆ రోజు కార్తీక సోమవారమని ముగ్గురికీ తట్టలేదు. తట్టలేదంటే, మా ఆవిడ ఉపవాసం ఉంది కూడా! నక్షత్రం కనపడేదాకా పస్తున్న ఊరంతా ఒకేసారి ఆకలి తీర్చుకోవడానికి వస్తుందని ఆలోచించలేదు, అంతే. మా టోకెన్ 47, లోపల నడుస్తున్నది 22. కూర్చున్నాక ఒక్కో కుర్చీ వెనకా ఒక్కో మనిషి, ఎప్పుడు లేస్తారా అని. నా వెనకాయన చెయ్యి నా కుర్చీ మీదే ఉంది. పెరుగన్నంలోకి వచ్చేసరికి "అయిపోయిందా అండీ?" అని మర్యాదగానే అడిగాడు. ఇక ఇంటి విషయం ఏం మాట్లాడతాం.

మంగళవారం పొద్దున మిషన్లు సరిచేసే ఆడియాలజిస్టు దగ్గర మామయ్యే అడిగారు, హోటల్లో ఎలా కూర్చోవాలమ్మా అని. గోల వీపు వెనక ఉండాలి, మాట్లాడేవాళ్లు ఎదురుగా ఉండాలి, వాళ్ల ముఖం మీద వెలుతురు పడాలి అని ఆ అమ్మాయి చెప్పింది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. కార్తీకమాసం, పైగా మంగళవారం. మాంసం మానేసేవాళ్లు బోలెడు. శాకాహార హోటళ్లు కిటకిటలాడుతున్నాయంటే మరి బిర్యానీ హోటళ్ల ఫ్యామిలీ రూములు ఖాళీగా ఉండాలి కదా!

మా ఆవిడ ససేమిరా అంది. "కార్తీకంలో నన్ను బిర్యానీ హోటల్లో కూర్చోబెడతారా?" మామయ్య "నేను తినడానికి రావట్లేదమ్మాయ్, మాట్లాడ్డానికి వస్తున్నా" అన్నారు. ఆయన మాట కాదనలేక, బండి దగ్గర డజను అరటిపళ్లు 60 రూపాయలకు కొని, సంచి ఒళ్లో పెట్టుకుని మరీ వచ్చింది.

సికింద్రాబాద్‌లోనే ఒక పాత ఇరానీ హోటల్. కింద మామూలే, మూలమీద రెండు రోడ్లకూ తెరుచుకుని ఉంటుంది, చాయ్ గ్లాసుల చప్పుడు, బస్సుల మోత. ఇరానీ హోటల్ అనగానే చాలామంది ఆ గోలే చూసి వెనక్కి తిరుగుతారు. మెట్లెక్కి పైకెళ్లాలి. పైన చెక్క పార్టిషన్లు, ముతక పరదాలు, పాలరాతి బల్లలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను. పాట లేదు, టీవీ లేదు. మేము తప్ప మనుషులు లేరు. యాప్‌లో 54. ముసలి వెయిటర్ వచ్చి "క్యా హోనా సాబ్?" అని తన మామూలు గొంతుతో అడిగితే, మామయ్య నావైపు చూడకుండా తనే జవాబు చెప్పారు. ఈ మూడు రోజుల్లో అదే మొదటిసారి.

పప్పు 170, కూర 190, రోటీలు ఆరు 120, నీళ్లు 20, చాయ్ రెండు 50. జీఎస్టీతో 578. పప్పు గొప్పగా ఏమీ లేదు. రోటీలు చల్లారితే అట్టలే. రుచి కోసమైతే వెళ్లకండి. పేరు రాయట్లేదు, మామయ్య వద్దన్నారు. "రాస్తే వచ్చే ఏడు మనకే చోటుండదురా" అన్నారు. ఏ పాత హోటల్‌కైనా వెళ్లి, పైన ఫ్యామిలీ రూము ఉందా అని అడగండి చాలు. ఎనిమిదిన్నర లోపు వెళ్లండి. ముందు పైకెక్కి ఒక నిమిషం నిలబడి వినండి, బావుంటేనే కూర్చోండి. మెనూ చూశాక లేవడానికి మనకు మొహమాటం.

మామయ్య గోడకు ఎదురుగా, మెట్లకు వీపు పెట్టి కూర్చున్నారు. మేమిద్దరం ఆయన ఎదురుగా. రోటీ తుంచుతూ, ఇంట్లో మాట్లాడినంత గొంతుతోనే చెప్పారు.

"ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నా. మీ అత్తయ్య పోయాక ఆ పెరటి తలుపు తియ్యబుద్ధి కావట్లేదు."

ఎవరూ "ఆఁ?" అనలేదు. ఆయన మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కాసేపటికి మా ఆవిడ "మరి మీరెక్కడుంటారు బాబాయిగారూ?" అని అడిగింది. పక్కన ఫ్యాను తిరుగుతుండగానే ఆ మాట ఆయనకు వినపడింది. దానికి ఆయన దగ్గర జవాబుంది, చాలా రోజులుగా ఆలోచించి పెట్టుకున్నదే, చెప్పడానికి గంటన్నర పట్టింది. అది మా ఇంటి విషయం.

పది దాటాక వెయిటర్ రెండు చాయ్‌లు తెచ్చాడు. ఒక్క నిమిషం ఆగి, ముట్టుకోని ప్లేటునూ అరటి తొక్కలనూ చూసి కిందకెళ్లి, మా ఆవిడకు మూడోది తెచ్చిపెట్టాడు. తాగింది. బిల్లులో రెండే ఉన్నాయి.